ఒక మాత్ర, పదేళ్లు: నమ్మకాలూ నియామకాలూ

ఈసారి వ్యాసం కొంచెం పెద్దది. మామూలుగా నేను వంటల గురించో, మా అమ్మమ్మ వాడే సామెతల గురించో రాస్తూ ఉంటాను. నాకు ఇంట్లో వచ్చిన తెలుగు అంతవరకే. తినడం, పడుకోవడం, చదువుకోవడం, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం. మిగతాదంతా ముప్పై ఏళ్లు దాటాక పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నదే. నియామకం, సలహా సంఘం, గర్భనిరోధకం లాంటి మాటలు మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఆ మాటలు రాకపోవడం వల్ల ఒకసారి నేను చేయాల్సిన పని చేయలేకపోయాను. అందుకే ఈ చరిత్ర తెలుగులో రాయాలనుకున్నాను.

2004 అక్టోబర్. నేను ఒహాయోలో కాలేజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక శనివారం పొద్దున నా రూమ్మేట్ ఏడుస్తూ నన్ను లేపింది. ఏం జరిగిందో ఇక్కడ రాయను, అది ఆమె కథ. ఆమెకు కావలసింది ఒక మందు. గర్భం రాకుండా ఆపే మందు, 72 గంటల లోపల వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. కాలేజీ హెల్త్ సెంటర్ సోమవారం దాకా తెరవరు. మందుల షాపుకి వెళ్తే డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వం అన్నారు. వాళ్ల తప్పు కాదు, అప్పటి నియమం అది. ఆదివారం ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నాలుగు గంటలు కూర్చుంటే చీటీ దొరికింది. చీటీ పట్టుకుని వెళ్తే మొదటి షాపులో స్టాకు లేదు. రెండో షాపులో ఆ మందు మేం పెట్టం అన్నారు. మూడో షాపులో దొరికింది. అప్పటికి నలభై గంటలు దాటిపోయాయి.

ఆ రెండు రోజులూ నా జేబులో ఫోను ఉంది. మా అమ్మ అప్పుడు సిన్సినాటి దగ్గర ఒక మందుల షాపులో టెక్నీషియన్‌గా పనిచేసేది. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఏ షాపులో ఉందో, ఏ డాక్టర్‌ని అడగాలో చెప్పేది. నేను చేయలేదు. భయం ఒక కారణం. రెండో కారణం, ఆ సంగతి చెప్పడానికి నా దగ్గర తెలుగు మాటలు లేవు. అమ్మకి ఇంగ్లీషు రాదని కాదు. మా ఇంట్లో ఇంగ్లీషు అంటే బిల్లులు, స్కూలు ఉత్తరాలు. మనసులో మాట చెప్పాలంటే తెలుగులోనే చెప్పాలి.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది నాకు. ఆ వారాంతానికి అయిదు నెలల ముందే ఆ మందు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి రావలసింది, రాలేదు. ఎందుకు రాలేదా అని చదవడం మొదలుపెడితే అది ఒక మందు కథ మాత్రమే కాదని అర్థమైంది. ఎవరిని ఏ పదవిలో కూర్చోబెట్టారన్నదీ అందులో ఉంది.

రెండు డిసెంబర్ 24లు

ముందు 1970కి వెళ్దాం. ఆ ఏడాది డిసెంబర్ 24న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. దాన్ని టైటిల్ టెన్ అంటారు. డబ్బులేని స్త్రీలకు కుటుంబ నియంత్రణ సేవలు, గర్భనిరోధక మాత్రలు, పరీక్షలు ప్రభుత్వ ఖర్చుతో అందించే పథకం ఇది. నిక్సన్ రిపబ్లికన్. ఈ చట్టం కోసం ప్రతినిధుల సభలో గట్టిగా పనిచేసిన వాళ్లలో టెక్సస్ సభ్యుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ ఒకరు, ఆయన కూడా రిపబ్లికనే. గర్భనిరోధకం ఒక పార్టీ సొత్తూ కాదు, ఇంకో పార్టీకి శత్రువూ కాదు, అప్పట్లో.

ఇప్పుడు 32 ఏళ్లు ముందుకు రండి. 2002 డిసెంబర్ 24. అదే బుష్ గారి అబ్బాయి జార్జ్ డబ్ల్యు. బుష్ అధ్యక్షుడు. క్రిస్మస్ ముందు రోజు, వార్తలు ఎవరూ చదవని రోజు. ఆహార, ఔషధ పాలనా సంస్థ, అంటే ఎఫ్‌డీఏ, తన సలహా సంఘాలలో ఒకదానికి కొత్త సభ్యులను ప్రకటించింది. ఆ సంఘం పని పునరుత్పత్తి ఆరోగ్యానికి సంబంధించిన మందుల మీద సలహా ఇవ్వడం. కొత్త సభ్యులలో ఒకరు కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ప్రాక్టీసు చేసే స్త్రీల వైద్యుడు డబ్ల్యు. డేవిడ్ హేగర్. మా ఊరికి లెక్సింగ్టన్ కారులో గంటన్నర దూరం.

సలహా సంఘం అంటే ఏమిటో చెప్పాలి. ఎఫ్‌డీఏ ఒక మందుని ఒప్పుకునే ముందు బయటి నిపుణులను పిలిచి అడుగుతుంది. వాళ్లు లెక్కలు చూస్తారు, ప్రశ్నలు వేస్తారు, ఓటు వేస్తారు. ఆ ఓటుకి ఎఫ్‌డీఏ కట్టుబడాలని లేదు. అయినా ఎక్కువసార్లు ఆ మాటే వింటుంది. ఈ సభ్యులను నియమించడానికి సెనేట్ అనుమతి అక్కరలేదు. మంత్రి పదవికి పేరు చెబితే నెలల తరబడి విచారణ జరుగుతుంది, టీవీలో చూపిస్తారు. సలహా సంఘంలోకి అయితే ఒక ఉత్తరంతో వచ్చేయొచ్చు.

హేగర్ గారి గురించి న్యాయంగా చెప్పాలి. ఆయన చదువుకున్న డాక్టరే, చాలా ఏళ్ల అనుభవం ఉన్నవారే. ఎవాంజెలికల్ క్రైస్తవుడు. యేసు స్త్రీల పట్ల చూపిన ఆదరణ గురించి 1998లో ఒక పుస్తకం రాశారు. భార్యతో కలిసి రాసిన ఇంకో పుస్తకంలో తలనొప్పి, నెలసరి ముందు వచ్చే బాధల వంటి వాటికి బైబిల్ పఠనాలు, ప్రార్థనలు సూచించారు. 2002 ఆగస్టులో గర్భస్రావం మందు మిఫెప్రిస్టోన్‌ని వెనక్కి తీసుకోమని ఎఫ్‌డీఏకి అర్జీ పెట్టిన క్రైస్తవ వైద్య సంఘానికి సాయం చేశారు. అదే సంస్థ సలహా సంఘంలోకి కొద్ది నెలల్లోనే వచ్చారు. మొదట ఆయన పేరు అధ్యక్ష స్థానానికే వినపడింది. స్త్రీల ఆరోగ్య సంఘాలు గట్టిగా అడ్డు చెప్పాక మామూలు సభ్యుడిగా వేశారు.

23, 4

మా రూమ్మేట్‌కి కావలసిన మందు పేరు ప్లాన్ బి. అందులో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్. 1999లోనే చీటీ మీద అమ్మడానికి అనుమతి వచ్చింది. 2003 ఏప్రిల్‌లో కంపెనీ, చీటీ లేకుండా అమ్మనివ్వండి అని దరఖాస్తు పెట్టింది. వాదన సులువైనది. గంటలు లెక్కపెట్టుకుని వేసుకోవలసిన మందుకి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడమంటే ఎలా?

2003 డిసెంబర్ 16న రెండు సలహా సంఘాలు కలిసి కూర్చున్నాయి. చీటీ లేకుండా వాడినా ఈ మందు సురక్షితమేనా అన్న ప్రశ్నకి 28 మందీ అవును అన్నారు. చీటీ లేకుండా అమ్మనివ్వాలా అన్న ప్రశ్నకి 23 మంది అవును, నలుగురు కాదు. ఆ నలుగురిలో హేగర్ ఒకరు. చిన్న వయసు ఆడపిల్లల గురించి తగినంత సమాచారం లేదన్నది ఆయన చెప్పిన కారణం.

2004 మే 6న ఎఫ్‌డీఏ కంపెనీకి ఉత్తరం రాసింది. ఒప్పుకోలేం అని. కారణం, 16 ఏళ్ల లోపు పిల్లల గురించి సమాచారం చాలదు అని. అంటే 23 మంది మాట పక్కన పెట్టి నలుగురి మాట తీసుకున్నట్టు. ఉత్తరం మీద సంతకం పెట్టింది మందుల విభాగం తాత్కాలిక అధిపతి స్టీవెన్ గాల్సన్. మామూలుగా అలాంటి ఉత్తరాల మీద ఆయన కింద పనిచేసే కార్యాలయాల అధిపతులు సంతకం పెడతారు. వాళ్లు ఈ నిర్ణయంతో ఏకీభవించలేదు, సంతకం పెట్టలేదు.

ఈ మాటలు నేను పత్రికల్లో చదివి చెప్పడం లేదు. కాంగ్రెస్ కోసం పనిచేసే గావ్ అనే తనిఖీ సంస్థ 2005 నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. 1994 నుంచి 2004 దాకా చీటీ మందుని చీటీ లేని మందుగా మార్చే విషయంలో తీసుకున్న ఇతర 67 నిర్ణయాలతో దీన్ని పోల్చి చూసింది. సలహా సంఘం ఒప్పుకోమన్నాక ఎఫ్‌డీఏ కాదన్నది ఆ కాలంలో ఈ ఒక్కదాన్నే. పై అధికారులు ఇంతలా చేయి పెట్టడం మామూలు కాదని రాసింది. చెప్పిన కారణం కూడా కొత్తదే అంది. ఎందుకంటే అంతకుముందు పెద్ద వయసు టీనేజర్ల సమాచారాన్నే చిన్నవాళ్లకీ వర్తింపజేసేవారు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. హేగర్ అడిగిన ప్రశ్న తప్పా? పన్నెండేళ్ల పిల్ల చేతిలో ఈ మందు పడితే ఏమవుతుంది అని అడగడం తప్పు కాదు. నాకూ ఒక కూతురు ఉంది, నేనైనా అడుగుతాను. కానీ అదే ప్రశ్న మిగతా మందుల విషయంలో ఎందుకు అంత గట్టిగా అడగలేదు? ఒక్క ఈ మందు దగ్గరే త్రాసు ఎందుకు మారింది?

2004 అక్టోబర్‌లో, అంటే నేను కారు వేసుకుని షాపు షాపుకీ తిరిగిన నెలలోనే, కెంటకీలోని ఆస్‌బరీ కాలేజీ ప్రార్థనా మందిరంలో హేగర్ ప్రసంగించారు. ఎఫ్‌డీఏకి అల్పసంఖ్యాకుల తరఫున ఒక అభిప్రాయం రాసి పంపానని చెప్పారు. దాన్ని మతం వైపు నుంచి కాకుండా శాస్త్రం వైపు నుంచే వాదించానని, నిర్ణయాన్ని మార్చడానికి దేవుడు దాన్ని వాడుకున్నాడని అన్నారు. ఆ ప్రసంగం 2005లో పత్రికలకెక్కింది. నేను దాన్ని చదివి కోపం తెచ్చుకోలేదు. ఒక రకంగా ఆయన నిజాయితీగానే మాట్లాడారు. మతం కోరిన జవాబుకి శాస్త్రం భాష వాడానని తన మనుషుల ముందు చెప్పుకున్నారు. కాకపోతే ఆ మాట మూడో షాపు ముందు నిలబడ్డ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

కుర్చీ వదిలిన మనిషి

2005 వేసవిలో ఎఫ్‌డీఏ అధిపతిగా లెస్టర్ క్రాఫర్డ్‌ని సెనేట్ ఆమోదించింది. సెప్టెంబర్ 1 లోగా ప్లాన్ బి మీద ఏదో ఒకటి తేలుస్తామని సెనేటర్లకు మాట ఇచ్చాకే ఆ ఆమోదం వచ్చింది. ఆగస్టు 26న క్రాఫర్డ్ లేచి, ఇంకా ఆలోచించాలి, ఎప్పటికి తేలుతుందో చెప్పలేం అన్నారు. 

అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 31న, ఎఫ్‌డీఏలో స్త్రీల ఆరోగ్య కార్యాలయం అధిపతి సూసన్ వుడ్ రాజీనామా చేశారు. ఆవిడ శాస్త్రవేత్త. సంస్థ సిబ్బంది పరీక్షించి సిఫారసు చేసిన శాస్త్రాన్ని పై వాళ్లు తోసిపుచ్చుతుంటే తాను అక్కడ ఉండలేనన్నారు. నాకు ఈ కథలో అందరికంటే ఎక్కువ గుర్తుండే మనిషి ఈవిడే. ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం వల్ల విధానం ఎలా మారుతుందో హేగర్ విషయంలో చూశాం. ఒక మనిషి కుర్చీ వదిలితే దేశం ఎలా తిరిగి చూస్తుందో వుడ్ విషయంలో చూశాం.

క్రాఫర్డ్ ఆ సెప్టెంబర్‌లోనే వెళ్లిపోయారు. తర్వాతి అధిపతిగా వచ్చిన ఆండ్రూ వాన్ ఎషెన్‌బాక్ నియామకాన్ని సెనేటర్లు ప్యాటీ ముర్రే, హిల్లరీ క్లింటన్ పట్టుబట్టి ఆపారు. ముందు మందు సంగతి తేల్చండి, తర్వాత మీ నియామకం అన్నారు. అంటే అవతలివాళ్లు నియామకాన్ని ఆయుధంగా వాడితే ఇవతలివాళ్లూ వాడారు. 2006 ఆగస్టు 24న 18 ఏళ్లు దాటిన వాళ్లకి చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది. అయినా షెల్ఫులో పెట్టకూడదు. కౌంటర్ వెనక ఉంచాలి, వయసు రుజువు చూసి ఇవ్వాలి.

2009 మార్చిలో న్యూయార్క్‌లో ఫెడరల్ జడ్జి ఎడ్వర్డ్ కోర్మన్, ఎఫ్‌డీఏ రాజకీయ ఒత్తిడికి లొంగి ఇష్టం వచ్చినట్టు నిర్ణయించిందని తీర్పు ఇచ్చి, 17 ఏళ్ల వాళ్లకీ ఇవ్వమన్నారు. ఇక అంతా సరిపోయిందనుకున్నారు జనం. సరిపోలేదు. 2011 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ వయసు పరిమితి పూర్తిగా తీసేద్దామంటే ఒబామా ప్రభుత్వంలోని ఆరోగ్య మంత్రి క్యాథలీన్ సెబీలియస్ వద్దన్నారు. ఈసారి మతం పేరు ఎవరూ ఎత్తలేదు, పార్టీ కూడా వేరు. మళ్లీ కోర్మన్ ముందుకే వెళ్లింది. 2013 జూన్‌లో గానీ వయసుతో పని లేకుండా అందరికీ షెల్ఫులోకి రాలేదు. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి పదేళ్లు.

ఇంకో సంగతి. ఈ మందు మీద మతపరమైన అభ్యంతరానికి మూలం, ఇది ఫలదీకరణ జరిగిన అండాన్ని గర్భాశయంలో అంటుకోకుండా ఆపుతుందేమో అన్న అనుమానం. పెట్టె మీద కూడా అలా జరగొచ్చు అని రాసి ఉండేది. ఈ మందు చేసే పని ముఖ్యంగా అండం విడుదలని ఆపడమో, ఆలస్యం చేయడమో. 2022 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ ఆ పాత మాటని పెట్టె మీద నుంచి తీసేసింది. ఇన్నేళ్ల గొడవలో సగం ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది.

టైటిల్ టెన్ తలుపు దగ్గర

నిక్సన్ చట్టం ఏమైందో చెప్పాను కాదు కదా. 2006 నవంబర్‌లో ఆ పథకాన్ని చూసుకునే పదవికి బుష్ ప్రభుత్వం ఎరిక్ కెరోయాక్ అనే డాక్టర్‌ని వేసింది. ఏడాదికి సుమారు 28 కోట్ల డాలర్ల పథకం. పేద స్త్రీలకు గర్భనిరోధకాలు అందించడమే దాని పని. కెరోయాక్ అంతకుముందు మసాచుసెట్స్‌లో ఒక క్రైస్తవ గర్భ సలహా కేంద్రాల సంస్థకి వైద్య డైరెక్టర్. ఆ సంస్థ గర్భనిరోధకాలు ఇచ్చేది కాదు. వాటిని పంచడం స్త్రీలను కించపరచడమేనని దాని విధానం. ఈ పదవికీ సెనేట్ అనుమతి అక్కరలేదు. ఆయన 2007 మార్చిలో రాజీనామా చేశారు. వెళ్లిన కారణం వేరు, ఆయన సొంత ప్రాక్టీసు మీద రాష్ట్ర మెడికెయిడ్ తీసుకున్న చర్య.

మా అమ్మతో ఈ సంగతి చెబితే అమ్మ ఒకటే అంది. "గుడిలో ప్రసాదం పంచడం ఇష్టంలేనోణ్ణి ప్రసాదం కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారన్నమాట."

అయితే నమ్మకం ఉన్నవాళ్లకి పదవి ఇవ్వకూడదా?

ఇక్కడే నేను జాగ్రత్తగా రాయాలి. అమెరికా రాజ్యాంగం ఆరో అధికరణం, ఏ పదవికీ మతపరమైన పరీక్ష పెట్టకూడదని స్పష్టంగా చెబుతుంది. అది మనలాంటి వాళ్లని కూడా కాపాడే వాక్యం. మా అమ్మ శనివారాలు ఉపవాసం ఉంటుంది. మా ఫ్రిజ్ మీద వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. అంతమాత్రాన మందుల షాపులో పనికి పనికిరాదంటే ఒప్పుకుంటామా?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు ఇంకో క్రైస్తవ డాక్టరే. సి. ఎవరెట్ కూప్. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో పేరుమోసిన సర్జన్. ఎవాంజెలికల్. గర్భస్రావానికి గట్టి వ్యతిరేకి, దాని మీద పుస్తకాలు రాసి, సినిమాలు చేసినవాడు. 1981లో రీగన్ ఆయన్ని సర్జన్ జనరల్ పదవికి ఎంచుకుంటే స్త్రీల సంఘాలన్నీ గగ్గోలు పెట్టాయి. నేను ఆ రోజుల్లో ఉంటే నేనూ పెట్టేదాన్నే.

ఆయన ఏం చేశారు? 1986లో ఎయిడ్స్ మీద నివేదిక రాస్తూ బడి పిల్లలకు లైంగిక విద్య నేర్పాలన్నారు, కండోమ్ వాడమన్నారు. తనని పదవిలోకి తెచ్చిన వాళ్లే మండిపడ్డారు. 1988లో దేశంలో పది కోట్లకు పైగా ఇళ్లకు ఎయిడ్స్ గురించి కరపత్రం పంపించారు. గర్భస్రావం వల్ల స్త్రీల ఆరోగ్యానికి ఎంత హాని జరుగుతుందో నివేదిక రాయమని రీగన్ అడిగితే, చేతిలో ఉన్న అధ్యయనాలు చూసి, ఉన్న ఆధారాలతో ఏ వైపూ తేల్చి చెప్పలేం అని 1989 జనవరిలో ఉత్తరం రాశారు. గర్భస్రావం తప్పు అన్న ఆయన నమ్మకం మారలేదు. ఆ నమ్మకానికి లెక్కల్ని వంచలేదు, అంతే.

హేగర్, కూప్ ఇద్దరిదీ ఒకే మతం, ఇద్దరూ డాక్టర్లే, గర్భస్రావం మీద ఇద్దరి మాటా ఒకటే. కాబట్టి నియామకం అప్పుడు అడగాల్సిన ప్రశ్న "నీ దేవుడెవరు" కాదు. "లెక్కలు నీ నమ్మకానికి ఎదురొస్తే ఏం చేస్తావు" అన్నది. ఆ ప్రశ్నకి జవాబు మనిషి పాత పనుల్లో దొరుకుతుంది, చర్చిలోనో గుడిలోనో దొరకదు.

మన దగ్గర

గుంటూరులో ఉన్న మా పిన్ని కూతురికి ఫోన్ చేసి ఇదంతా చెబితే నవ్వింది. "ఇక్కడ మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారక్కా, దానికింత గొడవా?" అంది. నిజమే, ఇండియాలో 2005 నుంచే ఈ మాత్ర చీటీ లేకుండా దొరుకుతోంది. నాకు కాసేపు గర్వంగా అనిపించింది. తర్వాత ఇంకాస్త చదివాను.

1935 డిసెంబర్‌లో అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ వార్ధా వచ్చి గాంధీగారిని కలిసింది. గర్భనిరోధక సాధనాలకు మద్దతు ఇవ్వమని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. నిగ్రహమే మార్గం అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్. క్రైస్తవురాలు, చాలా ఏళ్లు గాంధీగారి దగ్గర కార్యదర్శిగా పనిచేసింది. ఢిల్లీ ఎయిమ్స్ వచ్చిందంటే ఆవిడ పట్టుదలే. ఆవిడకీ కృత్రిమ సాధనాలు ఇష్టం లేదు. 1952లో ప్రపంచంలోనే మొదటిసారి ఒక దేశం కుటుంబ నియంత్రణని ప్రభుత్వ పథకంగా తీసుకుంది, అది మన దేశమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో 65 లక్షల రూపాయలు కేటాయించింది. కానీ మంత్రి నమ్మకానికి తగ్గట్టు మొదటి ప్రయోగాలు సురక్షిత దినాల పద్ధతి మీద జరిగాయి. ఐక్యరాజ్యసమితి ఆరోగ్య సంస్థ పంపిన డాక్టర్ అబ్రహాం స్టోన్ సలహాతో స్త్రీలకు రంగురంగుల పూసల దండలు ఇచ్చారు. రోజుకో పూస జరపాలి. రంగుని బట్టి ఏ రోజు ఫర్వాలేదో, ఏ రోజు కాదో తెలుసుకోవాలి. అది పెద్దగా ఫలించలేదు.

తర్వాత వచ్చిన ప్రభుత్వాలకు ఇంకో నమ్మకం పట్టుకుంది. జనాభా తగ్గాలి అన్న నమ్మకం. అది మతం కాదు, అయినా మతమంత గట్టిది. మా అమ్మమ్మ తరంలో, అమ్మ తరంలో, మా ఊరి ఆడవాళ్లకి తెలిసిన గర్భనిరోధకం ఒకటే. "ఆపరేషన్". ఏ ఆపరేషన్ అని ఎవరూ అడగరు. ఇప్పటికీ దేశంలో ఆ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒక చోట మాత్ర దొరక్కుండా ఆపారు, ఇంకో చోట ఆపరేషన్ తప్ప ఇంకేదీ గట్టిగా చెప్పలేదు. రెండు చోట్లా ఆడమనిషిని కూర్చోబెట్టి నీకేం కావాలి అని అడిగినవాళ్లు తక్కువ.

అమ్మతో

పోయిన సంక్రాంతికి అమ్మ మా ఇంటికి వచ్చింది. ఈ వ్యాసం కోసం మాటలు అడుగుతూ, చివరికి 2004 కథ చెప్పాను. పంతొమ్మిదేళ్లు దాటింది కదా, ఇక భయమెందుకు అనుకున్నాను. అయినా గొంతు వణికింది.

అమ్మ అరిసెల పిండి కలుపుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా షాపులో రెండు డబ్బాలు ఎప్పుడూ ఉండేవే. నేనే లెక్క చూసేదాన్ని. ఫోన్ చేసుంటే డాక్టర్‌తో నేనే మాట్లాడేదాన్ని కదా," అంది.

"నీకు తప్పు అనిపించేది కాదా?" అని అడిగాను.

"అనిపించేది. మొదట్లో ఆ డబ్బా ఇస్తుంటే చెయ్యి ఆగేది. కానీ శనివారం ఉపవాసం నాది. కౌంటర్ అవతల నిలబడ్డ పిల్ల ఉపవాసం ఉండక్కర్లేదు కదే."

తెలుగులో ఒక చిక్కు ఉంది, నేర్చుకుంటున్న వాళ్లకి బాగా తెలుస్తుంది. దేవుడి మీద ఉండేదీ నమ్మకమే, మనిషి మీద ఉండేదీ నమ్మకమే. ఇంగ్లీషులో వాటికి వేరువేరు మాటలు ఉన్నాయి. మొదట్లో ఈ వ్యాసం రాయడానికి అది అడ్డం వచ్చింది, ఏ నమ్మకం గురించి చెబుతున్నానో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు అది అడ్డం అనిపించడం లేదు. హేగర్ గారి నమ్మకం ఆయనది, దాన్ని ఎవరూ తీసుకోకూడదు. మందు పెట్టె మీద రాసింది నిజమేనని జనం పెట్టుకునే నమ్మకం జనానిది. దాన్నీ ఎవరూ తీసుకోకూడదు. పదవిలో ఉన్నవాళ్ల చేతిలో ఉండేది ఆ రెండోదే.

నా కూతురికి ఇప్పుడు పదకొండేళ్లు. ఈ మాటలన్నీ దానికి తెలుగులో నేర్పుతున్నాను. అండం, గర్భాశయం, గర్భనిరోధకం. ముఖం చిట్లిస్తుంది, నేర్చుకుంటుంది. ఎప్పుడైనా ఒక శనివారం పొద్దున ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తే మాటలు లేవని ఆగిపోకూడదు.

ఎక్కడైనా మాట తప్పు వాడి ఉంటే రాయండి, దిద్దుకుంటాను. "సలహా సంఘం" సరైన మాటేనా, ఇంకా మంచి మాట ఉందా? పెద్దవాళ్లు ఎవరైనా చెబితే సంతోషం. వచ్చే నెల మళ్లీ వంటలే. అమ్మ అరిసెల పాకం కొలతలు రాసిచ్చి వెళ్లింది.